మూడో తాళం

ఆ పంపుహౌసు పేరెత్తితే పట్టపగలు కూడా మా వీధిలో గొంతులు తగ్గేవి.

ఊరి మురుగంతా పల్లానికే కదా వస్తుంది. పల్లంలో మా వీధి, మాకన్నా పల్లంలో అది. చుట్టూ ఎత్తు గోడ, ఒక ఇనుప తలుపు. లోపల మోటార్ల గది, దాని కింద పంపుల గది, దాని పక్కనే లోతైన మురుగు బావి. ఊరంతా వాడి వదిలేసిన నీళ్లు అందులో పడితే, పంపులు వాటిని తోడి శుద్ధి చేసే చోటికి తోస్తాయి. ఇదంతా పగటి సంగతి.

రాత్రి సంగతి వేరు.

అక్కడ రెండో నంబరు పంపు ఉంది చూశారూ... దాన్ని ఆపేస్తే ఆగదు. స్విచ్చి దించేశాక, తీగలో చుక్క కరెంటు లేకపోయినా, తనంతట తాను తిరుగుతుంది. ఏడుస్తూ తిరుగుతుంది. ముందు సన్నగా, నిద్రలో పసిబిడ్డ మూలిగినట్టు. తర్వాత పెద్దగా, మనిషి పోయిన ఇంట్లో ఏడ్చినట్టు...

దేవుణ్ణి నమ్ముకున్నవాణ్ణి, మీకు అబద్ధం చెప్పి ఏ లోకానికి పోతాను? ఆ ఏడుపు నా చెవులతో నేను విన్నాను. మిగిలింది మా బావ చెప్పింది. బావ అంటే మా అక్క మొగుడు. ఆ పంపుహౌసులో ఫిట్టరు. మామూలుగా చీమ కుడితే ఏనుగు తొక్కిందని చెప్పే మనిషి. ఈ ఒక్క సంగతి చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెంచడు. అందుకే నమ్మాను.

కాస్త దగ్గరికి జరగండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఆ ఏడుపు పెద్ద మేస్త్రీదని అందరూ అనేవాళ్లు. మా బావకి పని నేర్పిన గురువు ఆయన. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. పంపు విప్పడానికి కిందికి దిగే ప్రతి మనిషీ ముందు స్విచ్చి దించి, దానికి తన సొంత తాళం వేసి దిగాలి. తాళంచెవి తన జేబులోనే ఉండాలి. ఇద్దరు దిగితే రెండు తాళాలు. స్విచ్చికి తాళం ఉందంటే కింద మనిషి ఉన్నాడని అర్థం. వేసిన చెయ్యే వచ్చి తీయాలి, ఇంకో చెయ్యి పడకూడదు. ఎవరి తాళం వాళ్లకి గుర్తు ఉండాలిగా... బావ దానికి పసుపు రంగు చుక్క. పెద్ద మేస్త్రీ ఆకురాయితో మూడు గీతలు గీసుకున్నాడు.

ఒక వానరాత్రి ఆయన దిగాడు. వీధిలో ఇళ్లలోకి మురుగు తన్నుకొస్తోంది, పైనవాళ్లకి తొందర. "ముసలాయన తాళం మరిచిపోయి ఇంటికెళ్లుంటాడ్లే" అని ఎవరో రంపంతో తాళం కొంకి కోసేసి, స్విచ్చి ఎత్తేశారు.

ఆయన ఇంటికి వెళ్లలేదు.

తెగిన తాళం బావిలో పడిపోయిందన్నారు. ఎవరూ వెతకలేదు.

అప్పట్నుంచే ఏడుపు. రాత్రి డ్యూటీకి మనుషులు కరువయ్యారు. చివరికి ఒక్క కాపలా తాత మిగిలాడు. ఎప్పుడూ తనలో తాను ఏదో గొణుక్కుంటూ, ఎండాకాలంలో కూడా మెడకి శాలువా చుట్టుకుని, మోటార్ల గదిలో కుర్చీ దిగకుండా కూర్చునేవాడు. కింది మెట్టు మీద ఏనాడూ కాలు పెట్టలేదు.

ఇలా ఉండగా, పాత పంపులకి కొత్త ప్రాణం పోయాలని పురపాలక సంఘం వాళ్లు నిర్ణయించారు. బజారులో దొరికే పంపు దానికి పట్టదు. పాతదాని పొట్ట కాంక్రీటులో కూరుకుపోయి ఉంది, పీకితే గోడలే కదులుతాయి. అందుకని ఆ పొట్టని అలాగే ఉంచి, లోపల తిరిగే చక్రం, షాఫ్టు అన్నీ ఆ కొలతలకే కొత్తగా చేయించాలన్నారు. పంపులు చేసే కంపెనీ నుంచి ఒక ఇంజినీరమ్మాయి వచ్చింది. టేపు పట్టుకుని అంగుళం అంగుళం కొలిచింది. బావ ఊరుకుంటాడా, దర్జీ మేడం అని పేరు పెట్టేశాడు.

"నడుం దగ్గర కాస్త వదులుగా కుట్టండి మేడం. మా పంపు తిండిపోతు."

"అది తినేది తిండి కాదు మేస్త్రీ గారూ, గుడ్డలు. ఊరు విడిచిన బట్టలన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. అందుకే ఎక్కిళ్లు."

సామాను తయారై వచ్చింది. బిగించడం మాత్రం రాత్రే. ఊరు నిద్రపోతే కొళాయిలు కట్టేస్తారు, బావిలోకి మురుగు తగ్గుతుంది, ఒకటో నంబరు ఒక్కటే ఆగుతూ తిరుగుతూ నెట్టుకొస్తుంది. తెల్లారేలోపు రెండోది తిరగాలి. తిరగకపోతే మురుగు ముందు ఎక్కేది మా వీధికి, మా వీధిలో ముందు మా అక్క ఇంటికి. అప్పటికి అక్క ఒళ్లో నెలల పిల్ల.

"దాని ఏడుపు వినబడితే పైకి వచ్చేయండి" అంది అక్క, టార్చి చేతికిస్తూ.

"నీ జోలపాట వింటున్న చెవులే ఇవి. అదో లెక్కా" అన్నాడు బావ. అన్నాడే గాని, చెప్పులు తొడుక్కుంటూ దేవుడి పటం వైపు చూశాడట.

మోటార్ల గదిలో తాత కుర్చీలోంచే అడిగాడు. "అబ్బాయ్... రెండోదాన్ని ఆపుతున్నావా?"

"ఆపకుండా విప్పమంటావా తాతా?"

"ఏడుస్తుందిరా."

బావ స్విచ్చి బోర్డు దగ్గరికి వెళ్లాడు. స్విచ్చి దించాడు. తన తాళం వేశాడు. ఇంజినీరమ్మాయి పక్కనే తన నీలం తాళం వేసింది. ఇద్దరూ మెట్లు దిగారు.

సగం మెట్ల మీద ఉండగానే మొదలైంది.

సన్నగా... గోడలోంచి వస్తున్నట్టు... పాదాల కిందనుంచి వస్తున్నట్టు. బావ టార్చి తిప్పాడు. పై మోటారుకీ కింది పంపుకీ మధ్య నిలువెత్తు ఇనుప షాఫ్టు ఉంటుంది. అది తిరుగుతోంది. పైన రెండు తాళాలు వేసి వచ్చారు, అయినా తిరుగుతోంది. బావ ఉన్న మెట్టు మీదే ఆగిపోయాడు. పెదాల మీద దైవనామం తప్ప మాట లేదు.

ఆ అమ్మాయి మాత్రం షాఫ్టు దగ్గరికి వెళ్లి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"మేస్త్రీ గారూ... ఇది ఏ వైపు తిరుగుతోందో ఎప్పుడైనా చూశారా?"

అందరూ పారిపోయినవాళ్లే, ఆగి చూసినవాళ్లేరీ?

"వెనక్కి తిరుగుతోంది" అంది.

సంగతేమిటంటే, పంపు దాటాక గొట్టంలో ఒక ఇనుప రెక్క ఉంటుంది. నీళ్లు వెళ్లేటప్పుడు తెరుచుకుంటుంది, పంపు ఆగగానే మూసుకుని వాటిని వెనక్కి రానివ్వదు. ఆ రెక్క పూర్తిగా మూసుకోవడం లేదు. గొట్టంలోకి ఎక్కిన నీళ్లు ఆ సందులోంచి ఈల వేసుకుంటూ వెనక్కి దిగి, చక్రాన్ని తిప్పేస్తున్నాయి.

గొట్టానికున్న పెద్ద వాల్వు చక్రం ఇద్దరూ పట్టి తిప్పి మూశారు. ఏడుపు ఆగిపోయింది... మనిషి గొంతు పిసికినట్టు ఆగిపోయింది.

రెక్క ఉన్నచోట గొట్టం మూత విప్పి బావ చెయ్యి లోపలికి పెట్టాడు. వేళ్లకి జుట్టు తగిలింది. పొడుగాటి, తడి జుట్టు. కళ్లు మూసుకుని లాగాడు. వస్తూనే ఉంది, వస్తూనే ఉంది... తెరిచి చూస్తే గుడ్డ. ఎన్ని చీరలో, ఎన్ని దుప్పట్లో, జడలా పేనుకుపోయిన గుడ్డ.

నవ్వాలో ఏడవాలో తెలీలేదట. పైకి పట్టుకెళ్లి తాత ముందు పడేశాడు.

"ఇదిగో తాతా, నీ దెయ్యం."

తాత కుర్చీలోంచి వంగి దాన్ని వేళ్లతో తడిమాడు. గొణుగుడు కూడా ఆగిపోయింది.

మళ్లీ దిగారు. పాత చక్రం తీశారు, కొత్తది దింపారు. దర్జీ పనితనం, ఎక్కడా ఒక్క ముడత లేదు. రెక్క సందు శుభ్రం చేసి బిగించారు. వాల్వు తెరిచారు. ఏడుపు లేదు. షాఫ్టు చుట్టూ అడ్డుగా పెట్టే ఇనుప జల్లెడ ఒక్కటే మిగిలింది, అది పైన ఉంది. తెచ్చుకుందామని మెట్లెక్కారు.

పైకి వచ్చేసరికి కప్పు మీద వాన దబదబలాడుతోంది. ఎప్పుడు మొదలైందో ఏమో. తాత కుర్చీ ఖాళీ. వానకి జడిసి ఇంటికి పోయుంటాడనుకున్నారు. అంతలో బావ ఫోను మోగింది. అక్క.

"ఏవండీ, స్నానాల గది తూములోంచి పైకి తన్నుతోంది. పిల్లని మంచం మీద వేశాను. ఇంకెంతసేపు?"

"అయిపోయింది. ఒక్క నిమిషం."

"జల్లెడ తర్వాత బిగిద్దాం మేడం, ముందు తిప్పుదాం" అన్నాడు బావ. కింద ఎవరూ లేరు కదా అని ఆమె కూడా ఊఁ అంది. బావ తన తాళం తీశాడు. ఆమె తనది తీసింది. బావ స్విచ్చి పట్టుకుని పైకి ఎత్తాడు.

లేవలేదు.

టార్చి వేశాడు. స్విచ్చికి ఇంకో తాళం వేలాడుతోంది.

బురద పట్టి నల్లగా ఉంది. లాగాడు. ఊపాడు. రాయిలా బిగిసి ఉంది.

"ఎవరిదండీ ఇది?"

"మీవాళ్లది కాదా?"

"మనం ఇద్దరమే కదా మేడం దిగింది."

మళ్లీ ఫోను. "ఏవండీ... గదిలోకి వచ్చేసింది. మంచం కాళ్లు మునుగుతున్నాయి." వెనకాల పిల్ల ఏడుపు. ఇది నిజం ఏడుపు.

బావ సామాను పెట్టెలోంచి రంపం తీశాడు. కొంకి దగ్గరికి తెచ్చాడు.

"మేస్త్రీ గారూ" అంది ఆ అమ్మాయి మెల్లగా. "తాళం ఉందంటే మనిషి ఉన్నాడని... మొదటిరోజు నాకు చెప్పింది మీరే."

కన్నబిడ్డ చుట్టూ మురుగు. చేతిలో రంపం. కళ్ల ముందు ఎవరిదో తెలీని తాళం. మీరైతే ఏం చేసేవారో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

బావ చెయ్యి గాలిలోనే ఆగింది. ఇదే గది. ఇలాంటి వానే. ఇదే తొందర... రంపం పళ్లు తాళానికి తగలకుండానే దాన్ని కింద పడేసి, మెట్ల మీద పరుగెత్తాడు. వెనకే ఆమె.

వాననీళ్లు వచ్చి పడేసరికి కింద ఒకటో నంబరు హోరెత్తిపోతోంది. పిలిస్తే తన గొంతు తనకే వినబడదు. టార్చి వెలుగు గోడ మీద పడింది, గొట్టం మీద పడింది, రెండో పంపు మీద పడింది...

షాఫ్టుని ఆనుకుని ఎవరో కూర్చుని ఉన్నారు.

తాత. గది వెనకవైపున్న ఇనుప నిచ్చెన మీదుగా దిగినట్టున్నాడు, అందుకే మెట్ల మీద ఎదురుపడలేదు. పంపుకి చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటున్నాడు. మెడకి చుట్టిన శాలువా కొస జారి, షాఫ్టు బోల్టులకి మెలిపడి ఉంది. స్విచ్చి లేచి ఉంటే... వద్దు, ఆ మాట నేను అనను.

బావ శాలువా విప్పి, ఆయన్ని చంకలో చెయ్యి వేసి లేపాడు.

"ఏం లేదబ్బాయ్" అన్నాడు తాత, బావ చెవి దగ్గర నోరు పెట్టి. "ఇన్నేళ్లు భయపెట్టింది కదా... నిజంగా గుడ్డేనా, ఒకసారి విందామని."

ముగ్గురూ పైకి వచ్చారు. బావ ఒక్క ఉరుకున వెళ్లి స్విచ్చి ఎత్తాడు. లేచింది. కింద కొత్త చక్రం వెన్నలో చెయ్యి పెట్టినంత మెత్తగా తిరిగింది. కాసేపటికి అక్క ఫోను చేసింది, నీళ్లు తీస్తున్నాయని. బావ గోడకి చేరగిలబడి, ఇన్ని దండాలు పెట్టుకున్నాడు.

అప్పుడు తట్టింది. స్విచ్చి ఎలా లేచింది?

"తాళం మీరు తీశారా మేడం?"

"నేను మీ వెనకే కదా ఉన్నాను."

"తాతా, నీదా ఆ తాళం?"

"ఏనాడూ దిగనివాడికి తాళం ఎందుకబ్బాయ్?"

బోర్డు కింద, నేల మీద పడి ఉంది. బావ తీసి, చొక్కా అంచుతో బురద తుడిచాడు. ఇనుము మీద గీతలు. ఒకటి... రెండు... మూడు.

కొంకి తెగి ఉంది.

"ఇందాక మీ రంపం తగిలుంటుంది" అంది ఆ అమ్మాయి. 

బావ టార్చి దగ్గరగా పట్టాడు. అప్పుడే కోసిన ఇనుమైతే తళుక్కుమనాలి. తెగిన చోట... రెండు కొసలకీ తుప్పు. ఏళ్లనాటి, ఎర్రటి తుప్పు.