మెలకువలో అడిగిన మాట

ఆ రోజు మూడో శస్త్రచికిత్స సాఫీగానే మొదలైంది. సర్జన్ విశాలాక్షి వేళ్ల కదలికను అందుకుని బల్ల మీది లోహభుజాలు సువార్త పొత్తికడుపులోకి దిగాయి. తీయాల్సింది గర్భసంచిలోని నిమ్మకాయంత గడ్డ. అది పోతే కడుపు పండుతుందని సువార్త, ఆమె భర్త దేవసహాయం ఏళ్ల తరబడి పెట్టుకున్న ఆశ. పొద్దున మత్తు ఎక్కబోయే ముందు కూడా, ఎన్నాళ్లకు బిడ్డ కోసం ప్రయత్నించవచ్చని సువార్త అడిగింది. కొన్ని నెలలు ఆగితే చాలని విశాలాక్షి నవ్వుతూ చెప్పింది.

కోతకు ముందు, కణాల్లో క్యాన్సర్ ఉందేమో చూపే కణదర్శి మొనను గడ్డకు ఆనించడం రివాజు. ఎప్పుడూ పచ్చగా వెలిగే తెర ఎర్రబడింది. విశాలాక్షి మొన తుడిపించి మరోచోట ఆనించింది. అక్కడా ఎరుపే. గర్భసంచి కండరంలోంచి పుట్టిన క్యాన్సర్. ఏ స్కానింగులోనూ బయటపడలేదు.

ఆస్పత్రి నిర్ణయాలు చేసే యంత్రం, నిర్ణేత గొంతు నింపాదిగా వినిపించింది. "గర్భాశయం పూర్తిగా తొలగించాలి. అనుమతి ఉంది. మార్గం సిద్ధం."

అనుమతి ఉన్న మాట నిజమే. సముద్రం ముందుకొచ్చాక స్తంభాల మీద కట్టిన ఈ బందరు ఆస్పత్రిలో చేరేవాళ్లంతా ముందే ఇచ్చే సమ్మతి అది. మత్తులో ఉండగా ఏది బయటపడినా నిర్ణేత ఆ పూటే తేల్చేస్తుంది. దానివల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయని విశాలాక్షికి తెలుసు. అయినా పొద్దున తాను నవ్వుతూ చెప్పిన జవాబు గుర్తొచ్చింది. ఆ జవాబుతో నిద్రపోయిన మనిషి గర్భసంచి లేకుండా లేవాలి.

"ఆపేద్దాం. కుట్లేసి లేపుదాం," అంది.

మత్తు డాక్టరు జిలానీ తలెత్తాడు. "రేపు మళ్లీ మత్తివ్వాలి మేడమ్. ఆమెకదీ కష్టమేగా?"

"గడ్డను ఇంకా కోయలేదు జిలానీ గారూ. అడిగే చేద్దాం."

ఆలస్యం వల్ల బతికే అవకాశం స్వల్పంగా తగ్గుతుందని నిర్ణేత హెచ్చరించింది. ఆ బాధ్యత వైద్యురాలిదేనంది. విశాలాక్షి ఒప్పుకుంది. లోహభుజాలను వెనక్కి తీయించి, తన చేత్తోనే కుట్లు వేసింది.

మధ్యాహ్నానికి సువార్తకు పూర్తిగా తెలివొచ్చింది. విశాలాక్షి మంచం అంచున కూర్చుని, దేవసహాయం వింటుండగానే ఉన్నదున్నట్టు చెప్పింది. అతను మంచంకోడు పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. సువార్త విశాలాక్షి వైపు తల తిప్పింది.

"తీయకపోతే?"

"బతకవమ్మా."

"తీస్తే?"

"బతికే అవకాశమే ఎక్కువ. మాటివ్వలేను."

"గర్భసంచి ఇప్పుడు లోపలే ఉందా?"

"ఉంది."

సువార్త కట్టు మీద అరచెయ్యి పెట్టుకుంది. "ఈ ఒక్క పూటా నా దగ్గర ఉండనివ్వండి మేడమ్. పొద్దున్నే తీసేద్దురుగాని."

ఆ సాయంత్రం వాళ్ల దగ్గరికి ఎవరినీ పంపవద్దని విశాలాక్షి చెప్పింది. తలుపు అవతల దేవసహాయం ఏడుపు, మధ్యమధ్య అతన్ని ఊరడిస్తున్న సువార్త గొంతు వినిపించాయి. కాసేపటికి ఆ గొంతూ తెగిపోయింది. ఆపైన వినిపించింది ఇద్దరి ఏడుపే.

తెల్లారాక సువార్తను బల్ల మీదికి చేర్చారు.

"అనుమతి ఉంది," అంది నిర్ణేత. "మార్గం సిద్ధం."

"నీకు లేదు," అంది సువార్త. "నీకిచ్చింది వెనక్కి తీసుకుంటున్నా. ఈవిడకిస్తున్నా."

సమ్మతి వెనక్కి తీసుకున్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. ఆ మాటకు నిర్ణేత దగ్గర మార్గం లేదు. లోహభుజాలు ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉండిపోయాయి. తెరిచి ఉన్న తలుపు బయట వరసలో స్ట్రెచర్ల మీద ఎదురుచూస్తున్న ఆడవాళ్లు ఆ మాట విన్నారు. ఒకామె నర్సును పిలిచి, తనకేదైనా బయటపడితే తననూ లేపి అడగమంది. ఆ పక్కామె కూడా అదే మాట అంది.

జిలానీ మత్తిచ్చాక విశాలాక్షి కత్తి చేతిలోకి తీసుకుంది. ఎన్నో ఏళ్ల తరవాత యంత్రం తోడు లేకుండా కోసింది. జబ్బు గర్భసంచి దాటి పాకలేదు. గుప్పెడంత కండ ట్రేలోకి చేరినప్పుడు జిలానీ తల తిప్పుకున్నాడు.

ఈసారి కళ్లు తెరిచిన సువార్త ఎవరినీ ఏమీ అడగలేదు. దేవసహాయం చేతిని వెతుక్కుని, పట్టుకుని, కళ్లు మూసుకుంది.