ఒక్క నంబరు ఫ్రీ

సిమ్ కార్డులు అమ్మడానికి తెలివి అక్కర్లేదు, నోరుంటే చాలు. కుప్పం స్టేషన్ రోడ్డులో సెల్‌ఫోన్ అంగడి పెట్టిన మొదటి వారంలోనే నాగరాజుకు ఈ సంగతి తెలిసిపోయింది. రెండువేల ఆరు జూన్ దాకా ఆ నోటికి ఎదురు లేదు. ఆ జూన్‌లో ఒక సాయంత్రం వాన వచ్చింది. వాన వెనకాలే శాలిని వచ్చింది.

గొడుగు మూసి, అందులోని నీళ్ళన్నీ తీరిగ్గా కౌంటరు మీద విదిలించి, ఆమె చేతులు జోడించింది.

"నమస్కారమండీ. నాకొక సంచార దూరవాణి పథకం కావలెను."

నాగరాజు ఆమెను ఎగాదిగా చూశాడు. "పథకాలు ఎమ్మార్వో ఆఫీసులో ఇస్తారు మేడమ్. ఈడ సిమ్ములు మాత్రమే ఉండాయి."

"అదియే కావలెను."

పాస్‌పోర్టు చూస్తే గానీ విషయం తెలియలేదు. మారిషస్ పిల్ల. ముత్తాత ఎప్పుడో ఓడెక్కి పోయాడట, ఏ ఊరి నుంచి పోయాడో ఇంట్లో ఎవరికీ తెలియదట. ఈమె కుప్పం యూనివర్సిటీలో తెలుగు ఎమ్మే చేయడానికి వచ్చింది. ఇంట్లో క్రియోల్, బళ్ళో ఫ్రెంచి, పుస్తకాల్లో తెలుగు. ఆ పుస్తకాలు అచ్చయిన కాలానికీ, కుప్పం స్టేషన్ రోడ్డుకీ మధ్య కాస్త దూరం ఉంది.

"మీకు పనికొచ్చేది ఒకటే మేడమ్. స్నేహబంధం ప్లాన్. ఒక్క నంబరుకు ఎంతసేపు మాట్లాడినా ఫ్రీ. కళ్ళు మూసుకోని తీసుకోండి."

"కళ్ళు తెరిచియే తీసుకొందును. ఆ కరపత్రము ఇటు ఇవ్వండి."

స్టూలు లాక్కుని కూర్చుంది. అటు పక్కా ఇటు పక్కా చదివింది. అడుగున చీమలంత అక్షరాలుంటాయే, అవి కూడా వేలు పెట్టి చదివింది. ఆ అంగట్లో మూడేళ్ళుగా ఆ కాగితాన్ని చదివినవాడు లేడు, నాగరాజుతో సహా.

"నాలుగవ షరతు. ఆ ఒక్క నంబరు ఈ దేశములోనిదై ఉండవలెను. అనగా మా అమ్మకు చెల్లదు. ఐదవ షరతు. రాష్ట్రము దాటిన అదనపు రుసుము. ఇవి మీరు చెప్పలేదు."

"సెప్పేవాణ్ణే మేడమ్. మీరే తొందర పడినారు."

ఆమె చదవడం మొదలుపెట్టి అరగంట అయింది.

చివరికి ఫారం నింపారు. 'ఫ్రీ నంబరు' అని ఒక గడి, పక్కనే 'వారితో సంబంధం' అని ఇంకో గడి. పెన్ను అక్కడ ఆగింది.

"ఈ దేశములో నాకు ఎవ్వరూ లేరు," అంది శాలిని. అంతసేపూ దబాయించిన గొంతు ఆ ఒక్క మాట దగ్గర చిన్నదైపోయింది. "ఖాళీగా ఉంచండి. ఎవరైనా దొరికిన పిమ్మట చెప్పెదను."

సంతకం పెట్టి, ఫిర్యాదులుంటే చేయడానికని నాగరాజు నంబరు రాసుకుని వెళ్ళిపోయింది.

ఖాళీ గడితో పంపితే ఫారం తిరిగొస్తుంది. అందుకే నాగరాజు తన నంబరు రాశాడు. అచ్చంగా వ్యాపారం. ఎదురు టీ కొట్టాయన నంబరుంది, ఆటో స్టాండు నంబరుంది, వాటిని వదిలి సొంత నంబరే ఎందుకు రాశాడో దానికి మాత్రం వ్యాపారంలో జవాబు దొరకలేదు. సంబంధం దగ్గర కాసేపు బుర్ర గోక్కుని 'ఫ్రెండ్' అని రాశాడు. పరిచయమై అప్పటికి యాభై నిమిషాలు.

నాలుగో రోజు ఫోన్ మోగింది.

"మీరు నన్ను మోసగించితిరి! మా అమ్మతో రెండు నిమిషములు మాట్లాడగానే సొమ్మంతయూ మాయమైనది!"

"ఫోన్ యాడ నుంచి సేసినారు మేడమ్?"

"నా గది కిటికీ వద్ద నుంచి."

"అదీ సంగతి. మీరు కర్ణాటకలో మాట్లాడినారు."

"నేను గది దాటలేదు!"

"మీరు దాటలేదు, సిగ్నల్ దాటింది."

కుప్పం మూడు రాష్ట్రాలు ముట్టుకునే మూల. మనిషి కదలకపోయినా ఫోన్ పొరుగు రాష్ట్రానికి పోయి వస్తుంటుంది. మర్నాడు నాగరాజు యూనివర్సిటీకి వెళ్ళి, చేతిలో ఫోన్ పట్టుకుని హాస్టలు చుట్టూ ప్రదక్షిణలు చేశాడు. వెనకాలే శాలిని. గేటు దగ్గర కర్ణాటక. మెస్సు దగ్గర తమిళనాడు. ఎట్టకేలకు మైదానం చివర ఒక గుండురాయి మీద ఆంధ్రప్రదేశ్ దొరికింది.

"ఈడ కూసోండి. కాలు మాత్రం ఆ పక్కకు సాపొద్దండి. తమిళనాడు."

శాలిని గబుక్కున కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. తర్వాత తన కాళ్ళను తనే చూసుకుని పడీ పడీ నవ్వింది. నాగరాజు పని అక్కడితో అయిపోయింది. ఆ రాత్రి అన్నం తిన్నాడో లేదో అతనికే గుర్తు లేదు.

ఇక రోజూ సాయంత్రం ఆరింటికి ఒక ఫిర్యాదు. ఐదో నంబరు మీట గట్టిగా ఉందని ఒకరోజు. సిమ్ వేడెక్కుతోందని ఒకరోజు. రింగ్‌టోన్‌లో మర్యాద లేదని ఇంకోరోజు. ఫిర్యాదు రెండు నిమిషాలు, ఆపైన కబుర్లు గంట.

"'కావలెను' అంటే కుప్పంలో ఎవురూ ఏమీ ఇయ్యరు. 'కావల్ల' అనండి."

"కావల్ల," అని శ్రద్ధగా అప్పజెప్పి, "ఒక మాట. మీ ఫిర్యాదుల నంబరుకు సొమ్ము పడుట లేదు. ఎంత ఉదారమైన కంపెనీ!" అంది.

నాగరాజు నిజం చెబుదామని నోరు తెరిచాడు. చెబితే రేపు ఆరింటికి ఫోన్ రాదు.

"అవును మేడమ్. శానా మంచి కంపెనీ," అన్నాడు.

ఆగస్టులో పుంగనూరు నుంచి వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ కొడుకును చూడడానికి వచ్చింది. అదే వేళకు శాలిని రీచార్జికి వచ్చింది.

"ఎవురమ్మా నువ్వు? వ్యాసం సదివినట్టు మాట్లాడతాండావే!"

అరగంటలో ఇద్దరూ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. కొడుకు కోసం తెచ్చిన ఆవకాయ సీసా శాలిని సంచిలోకి పోయింది. ఆమె వీధి మలుపు తిరగగానే రాజేశ్వరమ్మ, "నెలాఖరు ఆదివారం మదనపల్లె పోయి పిల్లను సూడల్ల. టమోటా మండీ వాళ్ళ పాప. సొక్కా ఇస్త్రీ సేయించుకో," అంది.

పనిచేయని ఫోన్‌ను కూడా పొగిడి అమ్మే నాగరాజు, అమ్మకు 'వద్దు' అన్న మాట చెప్పలేకపోయాడు. శాలినికి 'నువ్వంటే ఇష్టం' అన్న మాటా చెప్పలేకపోయాడు. చెప్పాలంటే ముందు ఆ గడి సంగతి చెప్పాలి. ఆ సంగతి వింటే ఆమె మళ్ళీ ముఖం చూస్తుందా? ఇట్లా ఆలోచిస్తూనే పెళ్ళిచూపుల ముందటి శుక్రవారం వచ్చింది. చొక్కా ఇస్త్రీ కూడా అయింది.

ఆ సాయంత్రం మళ్ళీ వాన. ఆరయినా ఫోన్ రాలేదు. శాలినే వచ్చింది. గొడుగు కూడా ముయ్యలేదు.

"యాల రాసినావప్పా నా ఫారంలో నీ నంబరు?"

నాగరాజు ఉలిక్కిపడి లేచాడు. ఒకటి, దొంగతనం బయటపడింది. రెండు, 'ఎందులకు' మాని 'యాల' అని తిట్టిన ఆమె అచ్చం కుప్పం పిల్ల మాదిరే ఉంది.

"ఎవురు సెప్పినారు?"

"మీ అమ్మ. 'నేను వాడికి చేస్తే డబ్బు కట్ అయితాండాది, నీకు యాల కాదు?' అని అడిగింది. కంపెనీకి ఫోన్ చేసి కనుక్కున్నా. నన్ను అడగకుండా ఎట్ల రాస్తావు?"

"తప్పే," అన్నాడు నాగరాజు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "ఈ దేశంలో ఎవ్వరూ లేరంటివి. ఆ మాట ఇన్నాక గడి ఖాళీగా ఇడిసిపెట్ట బుద్ధి కాలేదు. ఆపైన సెబితే నువ్వు ఫోన్ సెయ్యవని బయం. ఆరింటికి నువ్వు సేస్తావని ఐదు నుంచే అంగడికొచ్చినోళ్ళను ఎల్లగొడతాండాను. నువ్వంటే నాకు శానా ఇష్టం శాలినీ."

శాలిని గొడుగు మూసి కౌంటరు మీద పెట్టింది.

"నంబరు మార్చే ఫారం ఇయ్యి."

ఇచ్చాడు. ఆమె అంకెలు చెబుతుంటే తల దించుకుని రాశాడు. తన నంబరు తనే కొట్టేసుకునే యోగం ఎంతమందికి పడుతుంది! ఏడో అంకె దగ్గర పెన్ను నెమ్మదించింది. తొమ్మిదో అంకెకు ఆగిపోయింది.

"ఇది మా అమ్మ నంబరు గదా!"

"ఊ. ఆమె రోజూ ఆరింటికి నీకు చేస్తే ఎంగేజ్ అంట. సరేలే అని నాకు చేస్తే నాదీ ఎంగేజ్ అంట. పది దినాలు సూసి, నిన్న మదనపల్లె వాళ్ళకు వద్దని చెప్పేసిందంట."

"మరి నా నంబరు?"

"నీకు యాల ఫ్రీ? ఆ రాయి మీద కూర్చున్న మొదటి వారమే నా ఫోన్ బాగైంది. ఆపైన చేసిన ఫిర్యాదులన్నీ అబద్ధం. ఒక్కటైనా కనిపెట్టినావా? ఇంక నీతో మాట్లాడల్లంటే నేరుగా వస్తా. ఆమెతోనే చానా మాట్లాడేది ఉండాది."

"మీ ఇంట్లో ఏమంటారో..."

"నిన్ననే చెప్పినా. మా అమ్మ ఒక్కటే అడిగింది, ఆ అబ్బాయికి తెలుగు వచ్చునా అని. కొద్దికొద్దిగా వచ్చునని చెప్పినా."

నాగరాజు గట్టిగా నవ్వాడు. నవ్వుతుంటే కళ్ళు తడిశాయి, వాన జల్లు మీదికి తోసేశాడు. మిగిలిన అంకె రాసి పక్క గడి దగ్గర ఆగాడు.

"ఈ సంబంధం కాడ ఏం రాసేది?"

శాలిని అతని చేతిలోంచి పెన్ను లాక్కుంది. "ఈసారి నేను రాస్తా." రాసి, ఫారం అతని వైపు తోసింది. "ఏజెంటు సంతకం నీదే. పెట్టే ముందు అంతా చదువు."

నాగరాజు తన జీవితంలో మొదటిసారి ఒక ఫారాన్ని అడుగు దాకా చదివాడు. మళ్ళీ పైకి వెళ్ళి ఆ ఒక్క గడినే ఇంకో రెండుసార్లు చదివాడు.

'వారితో సంబంధం: అత్తగారు.'