దొర మలుపులో స్టీరింగు

సాలూరు ఘాట్ రోడ్డులో దొర మలుపంటే లారీవాళ్లకు హడలు. పూర్వం ఒక దొర అక్కడ కారుతో సహా లోయలో పడి చచ్చాడు. రాత్రిపూట వచ్చినవాళ్ల స్టీరింగు ఆయనే పట్టుకుంటాడట! అందుకని మలుపు రాగానే బీడీ వెలిగించి కిందికి విసురుతారు. నేను దెయ్యాలను నమ్మను. బీడీ మాత్రం విసురుతాను.

అరవై ఎనిమిదిలో సాలూరు మెకానిక్ అప్పలసూరికి జరిగిందిది. తనే చెప్పాడు.

కొండమీద ఊళ్లో అతని కూతురు చిన్నతల్లికి బిడ్డ అడ్డం తిరిగింది. తెల్లారేలోగా ఆసుపత్రికి చేర్చాలి, లారీ కుదుపులు పనికిరావు అని మంత్రసాని కబురు పెట్టింది. అప్పలసూరికి దొరలనాటి పాత కారుంది గానీ, స్టీరింగు ఎంత తిప్పినా చక్రాలు సరిగా తిరగవు. వాటిని తిప్పే కడ్డీకి కీళ్లు అరిగిపోయాయి. కొత్తది విశాఖపట్నంలోనూ లేదు. అలాంటి కారు ఇంకొక్కటే ఉంది... లోయలో.

ఇరవై ఏళ్లుగా ఎవరూ ముట్టనిది. లారీ ఎక్కి మలుపు దాకా వెళ్లి లోయలోకి దిగాడు. పొద్దు గూకుతోంది. మడ్డి పేరుకున్న కీళ్లను విప్పి చూసే ధైర్యం లేక, కడ్డీని వాటితో సహా ఊడబెరికి తెచ్చి బిగించేశాడు.

వెళ్లేటప్పుడు మలుపు కుడికి. కారు బుద్ధిగా తిరిగింది.

వచ్చేటప్పుడు వెనకసీట్లో చిన్నతల్లి మూలుగుతోంది. ఆ కంగారులో బీడీ మరిచాడు. స్టీరింగు ఎడమకు తిప్పాడు. సగం తిరిగి — ఆగిపోయింది. అవతల ఎవరో పట్టుకున్నట్టు!

బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. కారు అంచు రాయికి కొట్టుకుని ఆగింది.

"ఏటైనాది అయ్యా?"

"ఏటీ నేదమ్మా... కళ్లు మూసుకో."

"దొరబాబూ, నిండు మనిసి ఉన్నాది, ఒగ్గేయ్..." అని గొణుక్కుంటూ టార్చిలైటుతో కారు కిందికి దూరాడు.

దొర లేడు. కీలు దగ్గర మడ్డి గీసుకుపోయి ఓ మేకు మెరుస్తోంది. నట్టు ఊడకుండా స్ప్లిట్ పిన్ను ఉండాల్సిన చోట, ఎద్దులకు నాడాలు కొట్టే మేకు. ఎడమకు పూర్తిగా తిప్పితే దాని కొస ఇరుసుకు తన్నుతోంది.

మేకు పీకేసి, కూతురి తలలోంచి జడపిన్ను తీసుకుని దూర్చాడు. తెల్లారేసరికి తాతయ్యాడు.

ఇంతే అయితే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. అప్పలసూరి జేబులోంచి ఆ మేకు తీసి చూపించాడు. కొస రెండు మడతలు పెట్టి, ఎడమకు మెలితిప్పి ఉంది.

"స్ప్లిట్ పిన్నుకి బదులు నాడా మేకెట్టి ఇలగ మడిసినోడు సాలూర్లో ఒక్కడే బాబూ," అన్నాడు, ఎవరైనా వింటారేమోనని చూస్తూ. "మా అయ్య. దొర కారు బాగుసేసిందీ ఆయనే... దెయ్యం కత ముందు సెప్పిందీ ఆయనే."



అప్పటినుంచి అప్పలసూరి ఆ మలుపులో బీడీ విసరడు. బండి ఆపి, దిగి, వెలిగించిన బీడీని అంచు రాయిమీద పెట్టి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని వస్తాడు.