పేరు తుడిచేసిన ఫైలు

ఆ ఆదివారం పొద్దున పదకొండు గంటలకు స్కానింగ్ సెంటర్‌కి వెళ్ళాను. అక్క భర్త అయిన మా బావ అక్కడ స్కాన్ యంత్రం నడుపుతాడు. ఒక పాత భవనంలో, నేలకు పన్నెండు మెట్లు దిగువన ఉంటుంది. కిటికీలు లేవు. సెలవు రోజు కాబట్టి రోగులు కూర్చునే కుర్చీలన్నీ ఖాళీ. స్కాన్ యంత్రం కూడా ఆపేసి ఉంది.

ముందు చేతులు కడుక్కున్నాను. కంప్యూటర్లు బాగు చెయ్యడం నా పని. చదువు పదో తరగతితో ఆగింది గానీ, రెండు నియమాలు మాత్రం ఇరవై రెండేళ్లుగా తప్పలేదు. మురికి చేతులతో యంత్రాన్ని ముట్టుకోను. ఇంకొకరి ఫైలు తెరిచి చూడను.

ఆ రోజు పని మా అక్క కోసం. ఆమె తలలో గడ్డ ఉంది. సాయంత్రం నాలుగింటికి ఆపరేషన్. పోయిన ఏడాది తీసిన స్కాన్ ఆలోపు పెద్ద డాక్టరు చేతికి అందాలి. గడ్డ ఎంత పెరిగిందో, ఎక్కడ కొయ్యాలో దాన్ని చూసే తేల్చుకుంటానన్నాడు ఆయన. ఆ స్కాన్ ఈ సెంటర్ సర్వర్‌లో ఉంది. పంపబోతే తెర మీద ఒకటే మాట: ఇంకా ముప్పై ఒక్క గంటలు.

"పందొమ్మిది రోజుల నుంచీ ఇదే వరస," అన్నాడు బావ. "నత్త కూడా చూసి నవ్వుతుంది."

"పందొమ్మిదని అంత కచ్చితంగా ఎలా గుర్తుంది?"

"ఊరికే అన్నాను పంతులూ. వచ్చీ రాగానే మొదలెట్టకు."

సర్వర్ గది మరుగుదొడ్డి పక్కనే. తలుపు తియ్యగానే వాసన కొట్టింది. మరుగుదొడ్డి వాసన కాదు. తియ్యగా, బరువుగా, మాంసం మూత కింద మగ్గినట్టు. సర్వర్ పెట్టె మీద బావ టిఫిన్ డబ్బా. దాని కింద నూనె గుండ్రంగా గడ్డకట్టి, అందులో రెండు ఈగలు అంటుకుని ఉన్నాయి. తినే చోటు వేరు, పనిచేసే చోటు వేరు అని మనిషికి ఎవరో చెప్పాలా? డబ్బాను రెండు వేళ్లతో తీసి బయట పెట్టాను.

పెట్టె మూత విప్పాను. ఫ్యానుకు వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. తెల్లగా నెరిసినవి. లాగితే జానెడు పొడవున తడిగా వచ్చాయి. బావ జుట్టు నల్లన. కాగితంలో చుట్టి పారేశాను.

డిస్కులన్నిటినీ నడిపేది కంట్రోలర్ అనే చిన్న పలక. దాని బ్యాటరీ ఉబ్బిపోయి, పక్కల నుంచి జిగట కారుతోంది. ఈ బ్యాటరీ చస్తే కంట్రోలర్ నెమ్మదిస్తుంది, అది మామూలే. నా సంచిలోంచి కొత్తది తీసి పెట్టాను. కేబుళ్లు మార్చాను. సర్వర్ లేచింది.

ముప్పై ఒక్క గంటలు.

డిస్కు దీపం మాత్రం ఊరుకోవడం లేదు. మూడుసార్లు మినుకుమంటుంది. ఆగుతుంది. మళ్ళీ మూడుసార్లు.

ప్రోగ్రాములన్నీ ఆపేశాను. నెట్ కేబుల్ పీకేశాను. ఇప్పుడు రాసేవాడు ఎవడూ లేడు. అయినా డిస్కు మీద ఏదో రాస్తూనే ఉంది.

ఆ సర్వర్‌ను నడిపేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం. దాని లోపలి పని ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. అడగడం తెలిస్తే అది దేన్నీ దాచదు. నాకు దానంటే గౌరవం అందుకే. ఎవరు రాస్తున్నారని అడిగాను. ఒక్క ఫైలు చూపించింది. పక్కన, తుడిచేసినది అని గుర్తు.

లినక్స్‌లో ఒక సంగతి ఉంది. ఒక ఫైలు రాయడం సగంలో ఉండగా తుడిచేస్తే పేరు మాత్రమే పోతుంది. ఫైలు పోదు. రాసే పని ముగిసేదాకా అది పేరు లేకుండా లోపలే ఉండి పెరుగుతుంది. సర్వర్ ఆపి మళ్ళీ లేపితే మాత్రం తప్పకుండా పోవాలి.

ఆపాను. లేపాను.

పోలేదు. ఇంకొంచెం పెరిగింది. అది మొదలైన తేదీ చూశాను. సరిగ్గా పందొమ్మిది రోజుల కిందట.

"ఏమిటిది బావా?"

"నాకేం తెలుసు. పాత చెత్త ఏదో ఉంటుంది. దాని జోలికి పోకు."

గడియారం రెండున్నర చూపిస్తోంది. ఇరవై రెండేళ్ల నియమం ఆ నిమిషంలో తప్పాను. ఫైలు తెరిచాను.

స్కాన్ బొమ్మలు. వేలకొద్దీ. వెల్లకిలా పడుకున్న ఒక మనిషి. మొదటి రోజు బొమ్మల్లో శరీరం మామూలుగానే ఉంది. కిందికి జరిపాను. నాలుగో రోజు... పొట్ట ఉబ్బింది. తొమ్మిదో రోజు పొట్ట పగిలింది. చర్మం కండను వదిలి సంచిలా జారింది. పదమూడో రోజు నోటి నిండా చిన్న చిన్న తెల్లటి మచ్చలు. బొమ్మకూ బొమ్మకూ చోటు మారుతున్నాయి... అవి మచ్చలు కావు.

చివరి బొమ్మ దాకా జరిపాను.

చివరి బొమ్మ తీసిన సమయం చూశాను. ఒక నిమిషం కిందట.

అంతా కుళ్లింది. కుడి పిడికిలి మాత్రం కుళ్లలేదు. బిగిసి ఉంది. అందులో గుండ్రంగా ఒకటి. దాన్ని నేను ఎరుగుదును. యంత్రంలోకి పంపే ముందు ప్రతి రోగి చేతికీ ఇచ్చే, సన్నటి గొట్టం తగిలించిన రబ్బరు బంతి. ఊపిరి ఆడకపోతే నొక్కాలి. బయట బజర్ మోగుతుంది.

"ఎవరు బావా?" అన్నాను.

బావ గోడకు జారగిలబడ్డాడు. "ముసలాయన... నొక్కాడేమో. నాకు వినపడలేదు."

"ఎందుకు వినపడలేదు?"

"బజర్ నేనే పీకేశాను. అయినదానికీ కానిదానికీ నొక్కుతారు అందరూ. తింటున్నాను అప్పుడు."

"తర్వాత?"

"స్కాన్‌కి ముందే పోయాడని రిజిస్టర్‌లో రాశాను. ఫైలు తుడిచేశాను."

"స్కాన్ ముగించి తుడిచావా?"

తల అడ్డంగా ఊపాడు.

"ఆ బంతి?"

"చేతిలోంచి రాలేదు. దాని గొట్టం కత్తిరించేసి... అలాగే ఇంటికి పంపేశాను. వాళ్ళు అలాగే పూడ్చేశారు."

అతని వేళ్లు నా మోచేతికి తగిలాయి. నూనె జిడ్డు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ బొమ్మలను చూసినప్పుడు కూడా నాకు అంత రోత పుట్టలేదు.

"ఆయన పేరు చెప్పు. ఫైలుకు పేరు తిరిగి పెట్టి, స్కాన్ ముగించాలి."

"వద్దు. పేరు పెడితే రికార్డులోకి వస్తుంది. నా ఉద్యోగం..."

"అక్కను ఇంకాసేపట్లో బల్ల ఎక్కిస్తారు బావా."

బావ నేల చూస్తూ చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆయన ఇంటివాళ్ళది.

అక్షరం అక్షరం కొట్టాను. ముగించు అన్నాను.

దీపం ఆగింది.

నెట్ కేబుల్ పెట్టి మళ్ళీ పంపాను. తెర మీద ముప్పై ఒక్క గంటలు పోయి నాలుగు నిమిషాలని వచ్చింది. మూడూ పదికి అక్క స్కాన్ వెళ్ళిపోయింది. మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాను. వాసన గోళ్ల కింద ఉండిపోయింది.

"రేపు పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పు," అన్నాను. "నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

"రేపు వద్దు. మీ అక్క లేచాక చూద్దాంలే."

నాలుగూ ఐదుకు నా ఫోన్ మోగింది. ఆపరేషన్ గది నర్సు.

"స్కాన్ అందిందండీ. డాక్టరు గారు చూశారు. అంతా బావుంది, మొదలెడదామన్నారు." గొంతు తగ్గించింది. "ఒక్క మాట. మీ అక్కగారి చేతికి మీరేమైనా ఇచ్చారా?"

"లేదమ్మా. నేను పొద్దుటి నుంచీ ఇక్కడే ఉన్నాను."

"మత్తు ఇచ్చి పది నిమిషాలైంది. కుడి పిడికిలి మాత్రం తెరుచుకోవడం లేదు. లోపల రబ్బరు బంతి ఏదో ఉంది. దానికి సన్నటి గొట్టం... కత్తిరించినట్టుంది. మట్టి అంటుకుని ఉంది. చాలా వాసన వస్తోందండీ."

బావ నా మొహం చూస్తున్నాడు.

"ఒంట్లో ఇంకేదీ కదలడం లేదు," అంది నర్సు. "ఆ చెయ్యి ఒక్కటే నొక్కుతోంది. మూడుసార్లు నొక్కుతుంది. ఆగుతుంది. మళ్ళీ మూడుసార్లు..."