పెట్టుకోని బ్యాడ్జీ

తమిళుల ఆడి నెలలో ఒక శుక్రవారం. కన్నియమ్మాళ్ తెల్లవారకముందే లేచి, అమ్మవారి గుడికి పంపాల్సిన రాగి అంబలి, అదే కూళు, పొయ్యి మీద పెట్టింది. పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో ఆ వీధిలోని ప్రతి ఇంటినుంచీ ఒక కుండ వెళ్తుంది. అడుగంటకుండా గరిటె తిప్పుతోందిగాని ఆమె మనసు పొయ్యి దగ్గర లేదు. పెరట్లో కూతురు శివగామి నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. ముందుగదిలో భర్త ఆదికేశవన్ అడుగుల అలికిడి. మిల్లులో నేతపని చేసి రిటైరైన మనిషి. లేవగానే కాఫీ అడుగుతాడు. ఇవాళ అడగలేదు.

ఆమె తొంగిచూసింది. ఆయన కూతురి టిఫిన్ సంచిలో చెయ్యి పెట్టి, గుండ్రంగా కత్తిరించిన నల్లగుడ్డ బ్యాడ్జీ ఒకటి బయటికి తీశాడు.

"ఏందయ్యా ఆ పని?"

"అరవబాక. ఈ పొద్దు పాప దీన్ని పెట్టుకోకుంటే చాలు. తర్వాత నేను చెప్పుకుంటా."

"అది ఊరుకుంటుందా?"

"ఉద్యోగం ఊడితే ఊరుకుంటుందా మరి?"

నీళ్ళ చప్పుడు ఆగింది. కన్నియమ్మాళ్ మళ్ళీ గరిటె పట్టుకుంది. శివగామి గబగబా తల దువ్వుకుని, సంచి భుజాన వేసుకుని, "అమ్మా, ఈ పొద్దు మాకోసం కూడా మొక్కుకో" అంటూ బస్సుకు పరిగెత్తింది. చెప్పాలని తల్లి నోరు తెరిచింది. చెప్పకుండానే పొయ్యివైపు తిరిగింది.

శివగామి తట్టాంచావడిలో ఒక సబ్బుల కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది. అక్కడ ఆడపిల్లలు పనిలో ఉన్నంతసేపూ హాలుకు బయటినుంచి తాళం వేస్తారు, సబ్బులు బయటికి పోకుండా. పోయిన నెల బాయిలర్ గదినుంచి హాలులోకి పొగ వచ్చింది. తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంది, అతను భోజనానికి వెళ్ళాడు. అతను వచ్చి తలుపు తీసేసరికి ఇద్దరు పిల్లలు స్పృహ తప్పి పడి ఉన్నారు. తాళం వెయ్యడం మానేదాకా, ఇవాల్టినుంచి నల్లబ్యాడ్జీలతో పనిచేద్దామని అందరినీ కూడగట్టింది శివగామే. బ్యాడ్జీలు కుట్టిందీ ఆమే.

ఇదే పని ఇంకొకరి కూతురు చేసుంటే ఆదికేశవన్ ఆ ఇంటికి వెళ్ళి దండం పెట్టి వచ్చేవాడు. ఆయనకున్న పిచ్చి అలాంటిది. రిటైరైనప్పటినుంచి ఒర్లియంపేట సందులూ, ఆదివారం సంతా తిరిగి పోరాటాల గుర్తులు పోగుచేస్తున్నాడు. ముప్పై ఆరులో ఎనిమిది గంటల పనికోసం సమ్మె చేసినవాళ్ళ ఎర్ర రిబ్బన్లు, ఫ్రెంచివాళ్ళు పోవాలని చొక్కాలకు గుచ్చుకున్న కాగితం జెండాలు, డెబ్బై తొమ్మిదిలో పుదుచ్చేరిని తమిళనాడులో కలపొద్దని చేతికి కట్టుకున్న గుడ్డపట్టీలు, రకరకాల రేకు బిళ్ళలు. అన్నీ అద్దాల చట్రంలో ఎర్రగుడ్డ మీద గుచ్చి, దేవుడి పటాల పక్కనే గోడకు తగిలించాడు.

ఒక నియమం మాత్రం తప్పడు. కొత్తది ముట్టుకోడు. "ఎవరో ఒకరు పెట్టుకుని వీధిలోకి పోయుండాల. ఆ మనిషి పేరు నాకు తెలియాల" అంటాడు. పేరు కోసం ఇల్లిల్లూ తిరుగుతాడు.

కుండ గుడికి పంపించి, కన్నియమ్మాళ్ పటాలకు కుంకుమ పెట్టడానికి వచ్చింది. ప్రతి శుక్రవారం ఆ చట్రానికీ ఒక బొట్టు పెట్టడం అలవాటు. వేలు అద్దందాకా వెళ్ళి ఆగిపోయింది. కింది మూలన, రిబ్బన్ల పక్కన, నల్లబ్యాడ్జీ.

"పొయ్యిలో వేసుంటావనుకున్నా" అంది.

ఆదికేశవన్ వీధివైపు చూస్తూ, "అట్టాంటిదాన్ని పొయ్యిలో ఎట్టా వేస్తామే?" అన్నాడు.

ఆ పూటంతా ఆమె ఒక్కచోట కూర్చోలేకపోయింది. బియ్యం ఏరబోయి వదిలేసింది. ఉతికిన బట్టలే మళ్ళీ తడిపింది. గేటు దగ్గర సంచి వెతుక్కుంటున్న కూతురే కళ్ళముందు మెదిలింది. 'నీకు కూళు పోస్తే నా బిడ్డను చూసుకుంటావనుకున్నా తల్లీ. కళ్ళారా చూసి నేను నోరు మూసుకుంటే, నువ్వు మాత్రం ఏం చేస్తావు?' అని అమ్మవారిని అడిగింది. అడగడం తప్పేమోనని లెంపలు వేసుకుంది.

సాయంత్రం రామభద్రరావు వచ్చాడు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన కాలేజీ మేష్టారు. చట్రం సంగతి విని చూడాలని కబురు పెట్టాడు. ఆదికేశవన్ హుషారు తెచ్చుకుని ఒక్కొక్కటీ చూపించాడు.

"ఈ రిబ్బను ముసలామె మారియమ్మ పెనిమిటిది సార్. పనిలోంచి తీసేసినారు. మళ్ళీ యాడా దొరకలా. ఇది పురుషోత్తమన్‌ది. ఆరు నెలలు జైలు."

"అద్భుతమండీ. ఈ నల్లది ఎవరిదండీ? కొత్తదానిలా ఉందే."

ఆదికేశవన్ అద్దం మీది దుమ్ము తుడిచాడు. "అదా... పేరింకా కనుక్కోవాల సార్."

"నేను చెప్తా సార్." గుమ్మంలో శివగామి నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "శివగామిది. సబ్బుల కంపెనీ. కానీ ఆమె పెట్టుకోలా. వాళ్ళ నాయన దొంగిలించినాడు."

మేష్టారు ఇద్దరినీ చూసి, "ఇంకోసారి వస్తానండీ" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

శివగామి సంచిలోంచి ఒక సబ్బు తీసి తండ్రి కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఏంది పాపా ఇది?"

"నాకిచ్చిన బహుమానం. 'నీ ఒక్కదానికే బుద్ధి ఉండాది' అని సూపర్‌వైజర్ అందరి ముందర చేతిలో పెట్టినాడు. అందరినీ పెట్టుకోమన్నది నేను. నా రవిక మీద లేదని చూసి నలుగురు భయపడి తీసేసినారు. రోజూ నాతో తినే సెంగమలం అక్క నా పక్కన కూచుని అన్నం కూడా తినలా. 'ఎంతిచ్చినారే నీకు?' అనింది." ఆమె సబ్బు వైపు వేలు చూపించింది. "ఇదీ అని చూపించినా."

"నిన్ను తీసేస్తే?"

"తీసేస్తే తీసేస్తారు!"

"నీకేం తెలుసు?" ఆదికేశవన్ లేచి చట్రం మీద అరచెయ్యి ఆనించాడు. "వీళ్ళ ఇండ్లన్నీ నేను తిరిగినా. కూచున్నా. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగినా. చొక్కాకు గుచ్చుకున్నోడు గుచ్చుకుని పోతాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏమైందో ఈ ఊర్లో నాకంటే ఎవరికి తెలుసు? నా బిడ్డ పేరు గూడా నేనే ఇట్టా చెప్పుకోవాల్నా?"

శివగామి చట్రంలోని రిబ్బన్ల వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అన్ని ఇండ్లు తిరిగినావు గదా నాయనా. పెట్టుకోకుండా ఉంటే బాగుండేదని ఒక్కరన్నా అన్నారా?"

లేదంటే కూతురికి ఊరట దొరికేది. కానీ ఆ విషయాల్లో ఆదికేశవన్ అబద్ధం చెప్పలేడు.

"అన్నారు. మారియమ్మ అనింది. 'ఆయన ఆ పొద్దు ఇంట్లో పడుకునుంటే నా బిడ్డలు పస్తులుండరు గదా' అని ఏడ్చింది."

శివగామి తల దించుకుంది. అప్పుడు కన్నియమ్మాళ్ నోరు విప్పింది.

"అనింది. నేనూ నీ వెంబడే ఉండినా గదా. అని, ఆ రిబ్బన్ను నీ చేతికిచ్చేదానికి మూడుసార్లు తిప్పించుకోలేదా ఆమె? ఆయన్ని తిట్టింది గానీ, దాన్ని పారేసిందా?" ఆమె పమిట కొంగుతో ముఖం తుడుచుకుంది. "పొద్దున నువ్వు తీస్తుంటే చూసినా నేను. పాప పోతుంటే చెప్పలా. బిడ్డ బతికుంటే చాలనుకున్నా. పొగ వచ్చిన పొద్దు ఆ తలుపు ఇంకాసేపు తెరవకపోయుంటే ఏమయ్యేదయ్యా? భయపడాల్సింది బ్యాడ్జీకా, తాళానికా?"

ఆదికేశవన్ చట్రం దించి, వెనక మేకులు ఒక్కొక్కటే వదులు చేశాడు. నల్లబ్యాడ్జీ తీసి కూతురి ముందు పెట్టి, తలెత్తకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ పూట అతను అన్నం తినలేదు.

మర్నాడు శివగామి బ్యాడ్జీ రవికకు గుచ్చుకుని బయల్దేరుతుంటే ఆదికేశవన్ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"నేనూ వస్తా."

"ఏం, మళ్ళీ గేటు దగ్గర లాక్కునేదానికా?"

"లాక్కుంది నేనేనని చెప్పేదానికి."

కన్నియమ్మాళ్ కూడా ఇంటికి తాళం వేసి వెనకాలే బస్సెక్కింది.

కంపెనీ గేటు ముందు ఆడపిల్లలు గుంపుగా ఉన్నారు. శివగామిని చూసి కొందరు ముఖం తిప్పుకున్నారు. వాళ్ళందరి ఎదుట, ఊళ్ళో పెద్దమనిషిగా మర్యాదలందుకునే ఆదికేశవన్, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"పాప తప్పేం లేదమ్మా. సంచిలోంచి నేనే ఎత్తేసినా. దానికి తెలీదు. భయపడింది నేను."

సెంగమలం అతన్ని ఎగాదిగా చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఏం మామా, ఇప్పుడు మావి గూడా ఎత్తుకుపోయేదానికి వచ్చినావా నీ అద్దాల పెట్టెలోకి?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆదికేశవన్‌కీ నవ్వు వచ్చింది, దాంతోపాటు కన్నీళ్ళూ వచ్చాయి.

"వద్దు తల్లీ. మీ తలుపు మీకు తెరిచినాక గూడా అడగను."

నిన్న బ్యాడ్జీ తీసేసిన నలుగురిలో ఒక పిల్ల టిఫిన్ డబ్బా మూత తీసి, లోపల దాచుకున్న బ్యాడ్జీ బయటికి తీసింది. సెంగమలం శివగామి దగ్గరకు వచ్చి, ఆమె బ్యాడ్జీ పిన్ను వంకరగా ఉందని సరిచేసింది. సైరన్ మోగింది. సూపర్‌వైజర్ ఒక్కొక్కరి గుండెలవైపూ చూస్తూ లోపలికి వదిలాడు. శివగామి వంతు వచ్చినప్పుడు అతను ఏదో అన్నాడు. ఆమె సబ్బు తీసి అతని చేతిలో పెట్టి లోపలికి నడిచింది.

కాసేపటికి హాలు తలుపు మూసిన చప్పుడు, తాళం పడిన చప్పుడు గేటు దాకా వినిపించాయి. ఆదికేశవన్ ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళుగా అతను విన్నవన్నీ జరిగి ముగిసిపోయినవే. దీనికి చివర ఏముందో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

"పోదామా?" అని అడిగింది కన్నియమ్మాళ్, అతను ఏమంటాడో చూద్దామని.

"యాడికి?" అన్నాడు. "పాప లోపల ఉండాది గదా."

రోడ్డు అవతల గోడనీడలో ఇద్దరూ కూర్చున్నారు. ఆమె పెదవులు స్తోత్రమేదో గొణుగుతున్నాయి. అతని చూపు ఆ తలుపు మీదే ఉంది.