తెర మీద కుర్చీ

పొద్దున్నే స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టి వచ్చిన పెయింటర్ హాలు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. లోపలి నుంచి భార్య గొంతు వినిపిస్తోంది.

"కి... కిటికీ."

"బాగుంది. ఇంకోసారి అందామా?" ట్యాబ్‌లోని బొమ్మ అడిగింది.

ఏడు నెలల కిందట పక్షవాతంతో ఆమెకు మాట పడిపోయింది. కాలు కోలుకుంది, కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మాటలు నేర్పే మేడమ్ ఈ ట్యాబ్ ఇచ్చింది. అందులో ఒక అమ్మాయి బొమ్మ. పలకరిస్తుంది, అడుగుతుంది, జవాబు వచ్చేదాకా చూస్తూ కూర్చుంటుంది. దాని చుట్టూ ఏ చోటు కావాలంటే ఆ చోటు అమర్చుకోవచ్చు.

ఆయన లోపలికి అడుగు పెట్టగానే భార్య గొంతు ఆగిపోయింది. రోజూ ఇదే తంతు.

"ఏమోయ్, కిటికీ అన్నావుగా! ఏదీ, నాతో అను. తియ్యమంటావా? వెయ్యమంటావా? ఎండ పడుతోందా?"

ఆమె తల దించుకుంది. ఆయనే వెళ్ళి కిటికీ వేసి వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఇళ్ళకు రంగులు వేస్తున్నవాడు. గోడ మీద చెయ్యి ఆనిస్తే చాలు, లోపల చెమ్మ ఎక్కడుందో చెప్పేస్తాడు. ఆమె మౌనం మాత్రం చేతికి అందడం లేదు.

ఆమె స్నానానికి వెళ్ళాక ట్యాబ్ తీసి చూశాడు. మొన్నటిదాకా బొమ్మ వెనక తోట ఉండేది. ఇప్పుడు గది. లేత పచ్చ గోడ, ఎడమవైపు కిటికీ, కిటికీ పక్కన పేము కుర్చీ. తమ హాలే! తన కుర్చీలో ఆ బొమ్మ దర్జాగా కూర్చుని ఉంది.

బొమ్మను చూసి అసూయ ఏమిటి, నవ్విపోతారు అనుకున్నాడు. అనుకున్నంత మాత్రాన అది పోలేదు. వేలితో నొక్కుతూ పోయాడు. గోడ పోయింది, కిటికీ పోయింది, కుర్చీ పోయింది. సముద్రం వచ్చింది. చెమ్మ మీద రంగు పూసేసి మెట్లు దిగే పనివాడిలా, తనవైపు తనే చూసుకోకుండా ట్యాబ్ పక్కన పెట్టేశాడు.

మూడు రోజులు ఆమె బొమ్మతో కూడా నోరు విప్పలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం కూతురు తను పనిచేసే కళ్ళద్దాల షాపు నుంచి నేరుగా వచ్చి ట్యాబ్ తెరిచింది.

"నాన్నా, ఇది ఎవరు మార్చారు?"

"నేనే. ఎప్పుడూ ఆ నాలుగు గోడలేనా? కాస్త గాలి తగులుతుందని."

"బొమ్మకా, గాలి?"

"వెటకారం చాల్లే! నా కుర్చీలో దాన్ని కూర్చోబెట్టుకుని ముచ్చట్లు! కట్టుకున్నవాణ్ణి, నా దగ్గర ఒక్క ముక్క రాదు. నేనేం పాపం చేశానే?"

"ఎవరితో మాట్లాడాలని ఉందో వాళ్ళుండే చోటు పెట్టుకోమంది మేడమ్. అమ్మ ఎడంచేత్తో, ఒక్క వేలితో, పన్నెండు రోజులు తంటాలు పడి పెట్టుకుంది. ఆ గోడ రంగు కుదిరేదాకా నన్ను కదలనివ్వలేదు. నీ కుర్చీలో ఉన్నది నువ్వే అనుకుని మాట్లాడుతోంది నాన్నా."

"నేను ఎదురుగానే ఉన్నాగా!"

"ఉన్నావు. ఆగవు. అమ్మ 'కి' అనేలోపు కిటికీ తీసి, వేసి, తుడిచి కూడా వస్తావు. అది ఆగుతుంది. అంతే తేడా."

ఆయనకు పాత రోజులు గుర్తొచ్చాయి. చుట్టాల ముందూ, దుకాణాల్లోనూ భార్య మొదలుపెట్టిన ప్రతి మాటనూ తనే పూర్తిచేసేవాడు. అదే ఒకే ప్రాణంగా బతకడమని మురిసిపోయాడు. ఇన్నేళ్ళూ తను విన్న ఆమె మాటల్లో సగం తనవేనేమో.

కూతురు టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆయన ట్యాబ్ పట్టుకుని భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు.

"తప్పయిపోయింది. మళ్ళీ పెడదాం. ముందు గోడ. ఏ రంగు?"

తెర మీద రంగులు వరసగా నిలబడ్డాయి. ఆమె పెదవులు కదిలాయి.

"లే..."

"లేత పచ్చేగా! నాకు తెలీదూ..."

ఆమె ఎడంచెయ్యి లేచి ఆయన నోటికి అడ్డం పడింది.

"ఉం... ఉండండి."

ఏడు నెలల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట. ఆయన కళ్ళు మసకబారినా తుడుచుకోలేదు. వంటింట్లో టీ పొంగి మాడిన వాసన వచ్చింది, కూతురు గరిటె కింద పడేసింది. ఆయన కదల్లేదు.

"లే..." ఆమె మళ్ళీ మొదలుపెట్టింది.

ఆ మాట ఆయన నాలుక చివరే ఉంది. పళ్ళ బిగువున ఆపి, ఆమె పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాడు.