మంచు గోదాములో కొలత

మా శివారులో అపార్టుమెంట్లు మింగగా మిగిలిన పాత కట్టడాల మీద నేనొక చిన్న గైడు పుస్తకం రాశాను. ఏది ఏ రోడ్డులో ఉంది, ఎవరు కట్టించారు, లోపల ఏం చూడాలి... అంతే. మున్సిపల్ ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీసి రిటైరైనదాన్ని, చేతులు ఊరుకోవు కదా. కొలిచేటప్పుడు టేపు డబ్బా నా దగ్గర, కొస మా ఆయన దగ్గర. ఆయన లెక్కల మాస్టారు. "ఇన్నేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పింది చివరికి నీ వెనక టేపు మొయ్యడానికా?" అని దారి పొడుగునా సణిగేవారు. సణిగినా, ఏ పాడుబడ్డ ఇంట్లోకీ నన్ను ఒంటరిగా పంపలేదు.

ఆఖరున మిగిలింది మంచు గోదాము. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో మంచుగడ్డలు దాచిన కట్టడం. ముందు గదికి ఒక కిటికీ ఉంది. వెనక గదికి అదీ లేదు, ముందు గదిలోంచి వెళ్ళే గుమ్మం ఒక్కటే. మేం వెళ్ళింది మధ్యాహ్నమే, కాకపోతే మబ్బు పట్టి ఉంది. లోపల తడిసిన రంపపు పొట్టు వాసన. మంచు కరిగి ఎన్నేళ్ళయిందో ఏమో, నేల మాత్రం చెప్పుల్లోంచి కూడా చల్లగా తగిలింది.

ఆయన కొస పట్టుకుని చీకటి గదిలోకి వెళ్ళారు. నేను గుమ్మం పక్కన నిలబడి, డబ్బా చంకలో ఇరికించుకుని, ముందు గది కొలతలు రాసుకుంటున్నాను. టేపు జరజరా సాగింది. కొస గోడకి ఆనగానే ఆయన ఒకసారి గుంజుతారు, నేను అంకె చూస్తాను. అదీ మా పద్ధతి.

గుంజారు. పందొమ్మిది అడుగులు.

బయటి నుంచి కొలిస్తే ఆ గదికి పన్నెండు అడుగులకి మించి చోటే లేదు.

"ఏమండీ, గోడకి సరిగ్గా ఆనించారా?"

మళ్ళీ గుంజారు. టేపు ఇంకాస్త లోపలికి పోయింది...

"ఏమే, అయిందా?"

ఆ మాట కిటికీలోంచి వచ్చింది. తల తిప్పాను. ఆయన పెరట్లో నిలబడి, ప్యాంటుకి అంటుకున్న గడ్డి దులుపుకుంటున్నారు.

"మీరు... బయటికెప్పుడు వెళ్ళారు?"

"నువ్వు రాసుకుంటుంటే నీ పక్కనుంచే వచ్చాను కదే. కొస మేకుకి తగిలించాను."

మేకుకి తగిలించిన టేపు నా చేతిలో మెల్లగా కదిలింది. అప్పుడు చీకట్లోంచి, గుసగుసగా...

"ఏమే... ఎవరితో మాట్లాడుతున్నావ్?"

అదే గొంతు. మళ్ళీ లోపలినుంచే...

"అటు వెళ్ళకే. నేనిక్కడే ఉన్నాను."

"అది వదిలేసి రా," అన్నారు కిటికీ దగ్గర ఆయన.

ఈయన మొహం కనబడుతోంది. లోపల చీకటి తప్ప ఏమీ కనబడటం లేదు. కనబడినాయనే నా మొగుడనుకున్నాను. డబ్బా వదిలేశాను. అది నేలని గీసుకుంటూ గరగరా లోపలికి ఈడ్చుకుపోయింది. ఎక్కడా ఆగిన చప్పుడు లేదు. నేను బయటికి పరిగెత్తి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఇంటికొచ్చేశాం. పుస్తకం అచ్చయింది. ఆ వెనక గది కొలత మాత్రం వెయ్యలేదు. ఆయన ఎప్పటిలాగే ఉన్నారు, ఒక్క సణుగుడు మానేశారు. పెళ్ళయినప్పటినుంచీ మానమని పోరింది నేనే. ఇప్పుడు ఒక్కసారి సణిగితే చాలు, గుండె మీది బండ దిగినట్టుంటుంది. సణగరు. ఏమన్నా నవ్వుతారు.

నిన్న సాయంత్రం ఎవరో కాలేజీ అమ్మాయి ఫోన్ చేసింది.

"ఆంటీ, మీ పుస్తకం చూసి మంచు గోదాముకి వెళ్ళాం. వెనక గదిలో ఎవరో పెద్దాయన ఉన్నట్టున్నారు. చీకట్లో కనబడలేదు. పాపం, ఒకటే మాట అడుగుతున్నారు..."

"ఏమని?"

"మా ఆవిడ క్షేమంగా ఇల్లు చేరిందా, అని."

వంటింట్లోంచి ఆయన రెండు కప్పుల టీ తెచ్చి, నా పక్కన కూర్చున్నారు. ఫోన్ ఎవరని అడగలేదు.

"చేరిందని చెప్పు," అన్నారు.